పాత తుపాకి, కొత్త లోకం



కిందటి నెల మనం సినిమాల్లో వాన ఎలా కురిపిస్తారో చెప్పుకున్నాము. ఈ నెల అంతకన్నా చిత్రమైన సంగతి ఒకటి చెప్పుకుందాం.

2022 ఆగస్టులో అమెరికాలో ఒక వేలంపాట జరిగింది. పాత ఆయుధాలు అమ్మే కంపెనీ ఒకటి ఒక చేతి తుపాకిని పాటకు పెట్టింది. పాట పెరిగి పెరిగి, చివరకు అన్ని ఖర్చులూ కలిపి దాని ఖరీదు 10,57,500 డాలర్లని తేలింది. అప్పటి లెక్కన మన డబ్బులో ఎనిమిది కోట్ల రూపాయలకు పైమాటే!

అంత ఖరీదు పలకటానికి ఆ తుపాకికి వజ్రాలు పొదిగి ఉన్నాయా అంటే, లేవు. ఏ చక్రవర్తి అయినా వాడాడా అంటే, అదీ లేదు. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ అనే సినిమాలో హాన్ సోలో అనే పాత్ర దాన్ని నడుముకు వేలాడదీసుకుని తిరుగుతాడు. హారిసన్ ఫోర్డ్ అనే నటుడు ఆ వేషం వేశాడు. కథలో దాని పేరు ‘బ్లాస్టర్’. తూటాలకు బదులు వెలుగు ముద్దలను విసురుతుందట! అటువంటి ఆయుధం ఈ భూమి మీద ఎక్కడా లేదు. మరి లేని దాన్ని అమ్మిందెవరు, కొన్నదెవరు?

అక్కడే ఉన్నది తమాషా. వేలంలో అమ్మింది నిజమైన తుపాకినే. జర్మనీలో ఓబెర్న్‌డార్ఫ్ అనే ఊళ్లో, మౌజర్ అనే కంపెనీ 1896 నుంచి తయారు చేస్తూ వచ్చిన పాత రకం పిస్తోలు అది. గ్రహాల మధ్య నడిచే కథలో, ఎంతో పాత కాలంనాటి తుపాకి! సినిమా చూసినవాళ్లలో చాలామంది దాన్ని గుర్తుపట్టనే లేదు. ఇదంతా ఎలా కుదిరిందో చూద్దాం.

నాటకాల్లో భీముడి గద మీరు చూసే ఉంటారు. రంగస్థలం మీద దాన్ని ఎత్తటానికి భీముడు పడే అవస్థ చూస్తే అది పది మణుగులుంటుందనిపిస్తుంది. తెర వెనక మటుకు మేకప్పు మనిషి దాన్ని చంకన పెట్టుకుని టీ తాగుతూ ఉంటాడు. లోపల అట్ట, పైన బంగారు రంగు కాగితం! నాటకానికి అది చాలు, ఎందుచేతనంటే మనం దూరంగా కూర్చుంటాం, భీముడి నటన మిగతా పని చేస్తుంది. కాని సినిమాలో కెమెరా దగ్గరికి వచ్చి చూస్తుంది. అట్ట మడత, జిగురు చుక్క, రంగు పెచ్చు ఏదీ దాని కన్ను తప్పించుకోలేదు.

పైగా భీముడి గద ఎలా ఉండాలో మనకందరికీ తెలుసు. రాబోయే కాలపు ఆయుధం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? వెనకటి రోజుల్లో ఇటువంటి కథలకు ఆయుధాలు చేసేవాళ్లు బొమ్మల దుకాణం దారి పట్టేవారు. 1934లో అమెరికాలో ‘బక్ రోజర్స్’ అనే బొమ్మల కథ పేరిట రాకెట్ పిస్తోలు అనే ఆటవస్తువు అమ్మారు. అది పిల్లలకు ఎంత నచ్చిందంటే, ఆ తరువాత చాలాకాలం ఆకాశవీరుల తుపాకులన్నీ దాని అన్నదమ్ముల్లాగానే వచ్చాయి. నున్నగా తళతళలాడుతూ, చేప రెక్కల వంటి రెక్కలతో ఉండేవి. చూడటానికి బాగానే ఉండేవి కాని, వాటికి ఎవరూ భయపడేవారు కారు.

‘స్టార్ వార్స్’ తీసిన జార్జి లూకాస్‌కు ఈ తళతళ పనికిరాలేదు. తన కథలో ఓడలు మాసి ఉండాలి, యంత్రాలు సొట్టలు పడి ఉండాలి, అంతా ఏళ్ల తరబడి వాడుతున్నట్టు కనపడాలి అని అతని పట్టు. 1976లో లండను దగ్గర ఎల్‌స్ట్రీ స్టూడియోలో పని మొదలయింది. చేతిలో డబ్బు తక్కువ, గడువు అంతకన్నా తక్కువ. సెట్లకు సామాను సమకూర్చే పని రోజర్ క్రిస్టియన్ అనే కుర్రవాడిది. వందల కొద్దీ ఆయుధాలను కొత్తగా గీసి, పోతపోసి, చేయించే వీలు అతనికి లేదు. అందుకని అతను లండనులోనే ఉన్న ‘బాప్టీ’ అనే సంస్థకు పోయాడు. సినిమాలకూ నాటకాలకూ తుపాకులు అద్దెకిచ్చే కొట్టు అది. అక్కడి అరల మీద రెండు ప్రపంచ యుద్ధాలనాటి తుపాకులు వరసగా పేర్చి ఉన్నాయి. క్రిస్టియన్ వాటి ముందు నిలబడి ఒక్కొక్కటే తీసి తిప్పి చూశాడు.

అతను ఎన్నుకున్న వాటిలో మౌజరు ఒకటి. దీని ఆకారమే విడ్డూరం. మామూలు పిస్తోలుకు తూటాలు పిడిలో ఉంటాయి. మౌజరుకు పది తూటాలు పట్టే పెట్టె మీట ముందు, పొట్టలాగా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. అందుకని పిడికి తూటాలతో పని లేదు. అది సన్నగా, గుండ్రంగా, చీపురుకట్ట పిడిలా ఉంటుంది. ఇంగ్లీషు దేశంలో దీన్ని చీపురుపిడి తుపాకి అనే పిలిచేవారు. 1898లో సూడానులో జరిగిన ఒమ్‌దుర్మాన్ యుద్ధంలో విన్‌స్టన్ చర్చిల్ అనే ఇరవై మూడేళ్ల సైనికుడు ఇదే రకం పిస్తోలు పట్టుకుని గుర్రం మీద పోయాడు. ఆ చర్చిలే పిమ్మట బ్రిటన్‌కు ప్రధానమంత్రి అయ్యాడు.

క్రిస్టియన్ బృందం ఈ పిస్తోలుకు చేసిన మార్పులు చెబితే మీరు నవ్వుతారు, అవి అంత కొద్ది. మౌజరు పైన వేట తుపాకుల మీద పెట్టే దుర్భిణి ఒకటి బిగించారు. గొట్టం మూతికి, యుద్ధకాలపు జర్మను విమానాల్లో ఉండే ఎం.జి.81 అనే మరతుపాకి మూతిని తొడిగారు. పేల్చినప్పుడు వచ్చే మంట కంటికి అడ్డం రాకుండా చూసే గరాటు వంటి భాగం అది. పక్కన రెండు మూడు చిల్లర వస్తువులు అతికారు. అంతే! చర్చిల్ కాలపు పిస్తోలు అమాంతం మరో నక్షత్రమండలానికి చేరుకున్నది.

సినిమాలో తెల్లని కవచాలు వేసుకున్న సైనికులు దండులుదండులుగా వస్తారు. వాళ్ల చేతుల్లో ఉన్నది స్టెర్లింగ్ అనే సబ్ మెషీన్ గన్. 1953లో బ్రిటిష్ సైన్యం దీన్ని స్వీకరించింది. దాని గొట్టం చుట్టూ చిల్లుల రేకు ఒకటి ఉంటుంది, వేడి బయటికి పోవటానికి. క్రిస్టియన్ ఆ చిల్లుల మీదుగా ఇంగ్లీషు అక్షరం ‘టి’ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీలను నిలువునా అతికించాడు. పైన పాత అమెరికన్ ట్యాంకులోని దుర్భిణి నొకదాన్ని పెట్టాడు. పక్కన, కార్ఖానాల్లో యంత్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టే మీటరు ఒకటి బిగించాడు. పొడుగాటి తూటాల పెట్టె తీసి పొట్టిది పెట్టాడు. ఆ మీటరు బ్లాస్టరులో ఏం పని చేస్తుందని అడగకండి. చూసేవాడు మటుకు ‘ఓహో, ఇది దేన్నో లెక్కపెడుతున్నది కాబోలు’ అని తనంతట తానే అనుకుంటాడు. సగం కథ చూసేవాడే అల్లుకుంటాడు.

ఇటువంటి చిల్లర వస్తువులకు ఆ సినిమా పనివాళ్లు ‘గ్రీబ్లీ’లని ముద్దుపేరు పెట్టుకున్నారు. కథానాయకుడి వెలుగు కత్తి పిడి కూడా ఇలా పుట్టినదే. ఒక ఫొటో సామాన్ల దుకాణంలో క్రిస్టియన్‌కు పాత గ్రాఫ్లెక్స్ కెమెరాల ఫ్లాష్ పిడులు దొరికాయి. విలేఖరులు వెనకటి రోజుల్లో వాడిన పెద్ద కెమెరాలకు పక్కన ఉండే లోహపు గొట్టం అది. లోపల మూడు బ్యాటరీలు పడతాయి. దానికి అవే ప్లాస్టిక్ పట్టీలు అతికించి, లెక్కలు కట్టే చిన్న కాలిక్యులేటరులో అంకెల మీద ఉండే బుడిపెల పట్టీ ఒకటి పెట్టాడు. 1978లో ఆ సినిమాకు కళాదర్శకత్వానికి ఆస్కార్ బహుమతి వచ్చినప్పుడు, దాన్ని పంచుకున్న నలుగురిలో క్రిస్టియన్ ఒకడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత తేలిక పనిని కోట్లమంది ఎందుకు నమ్మారు?

ఒక కారణం బరువు. స్టెర్లింగ్ సుమారు 2.7 కిలోలుంటుంది. మౌజరు ఒక కిలోకు పైమాటే. చేతిలో నిజమైన ఉక్కు ఉన్నప్పుడు నటుడి మణికట్టు దానంతట అదే కిందికి వంగుతుంది, భుజం బిగుసుకుంటుంది, పరుగెత్తేటప్పుడు చెయ్యి దాన్ని కాపాడుకుంటూ పోతుంది. అట్టముక్క పట్టుకుని ఇదంతా నటించాలంటే మహానటుడు కావాలి. రెండో కారణం, ఆ తుపాకులు ఉత్తుత్తి తూటాలతో నిజంగా పేలాయి. ఉత్తుత్తి తూటాలో మందు ఉంటుంది కాని ముందు గుండు ఉండదు. పేలినప్పుడు మూతి దగ్గర మంట వస్తుంది, చెయ్యి వెనక్కు తన్నుతుంది. ఆ సినిమాను జాగ్రత్తగా చూస్తే కొన్నిచోట్ల స్టెర్లింగులలోంచి ఇత్తడి తొడుగులు ఎగిరి పడటం కూడా కనపడుతుంది. వెలుగు ముద్దలు విసిరే ఆయుధంలోంచి ఇత్తడి తొడుగులు ఎందుకు రాలాలి? ఎవరూ అడగలేదు!

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆ తుపాకి మీద ఉన్న ప్రతి మర, ప్రతి గాడి, ప్రతి మీట ఎవరో ఒక ఇంజనీరు ఏదో ఒక పని కోసం పెట్టినది. ఆ పని ఏమిటో మనకు తెలియకపోయినా, పని కోసం పుట్టిన వస్తువుకూ అలంకారం కోసం పుట్టిన వస్తువుకూ తేడా మన కన్ను పసిగడుతుంది. బొమ్మ పిస్తోలు రెక్కలకు లేనిదీ, మౌజరు పొట్టకు ఉన్నదీ ఇదే.

1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ సినిమాలో వీరుడి బ్లాస్టరు కూడా ఈ తోవలోనే పుట్టింది. ఆస్ట్రియా దేశపు వేట తుపాకి భాగమూ, అమెరికా రివాల్వరు భాగమూ కలిపి దాన్ని చేశారు.

మరి సినిమా అయిపోయాక ఈ బ్లాస్టర్లు ఏమయ్యాయి? అద్దెకు తెచ్చినవి గదా! చాలావాటికి అతికిన పట్టీలూ దుర్భిణులూ ఊడబీకి, మళ్లీ మామూలు తుపాకులుగా కొట్టుకు తిప్పి పంపారు. పాపం, వాటిలో కొన్ని ఆ తరువాత ఏ యుద్ధం సినిమాలోనో సైనికుల చేతుల్లో కనపడే ఉంటాయి. హాన్ సోలో బ్లాస్టరు పోయిందనే చాలాకాలం అందరూ అనుకున్నారు. అందుకే అది బయటపడ్డాక అంత ధర పలికింది.

అసలువి దొరకవు. దొరికినా కోట్లు కావాలి, ఆయుధానికి లైసెన్సు కావాలి. అందుకని అభిమానులు ఇంకో దారి కనిపెట్టారు. నకలు తుపాకులు తెచ్చుకుని వాటిని బ్లాస్టర్లుగా మార్చుకోవటం మొదలుపెట్టారు. స్పెయిన్ దేశపు మినోర్కా దీవిలో డెనిక్స్ అనే కంపెనీ పాత ఆయుధాల నకళ్లను జింకు మిశ్రమలోహంతో పోతపోస్తుంది. మౌజరు నకలు కూడా చేస్తుంది. మీట లాగితే టక్కుమంటుంది, బరువు ఇంచుమించు సరిపోతుంది. కాని తూటా పట్టేచోటే ఉండదు, కనుక పేలదు. జపానులో ఎం.జి.సి. అనే కంపెనీ 1960ల నుంచే ఇటువంటి నమూనా తుపాకులు చేసింది. 1971లో జపాను ప్రభుత్వం ఒక చట్టం చేసింది. లోహంతో చేసిన నమూనా పిస్తోలు ఏదైనా సరే తెల్లగానో పసుపుపచ్చగానో ఉండాలి, గొట్టం మూసి ఉండాలి. నల్లగా ఉంటే దొంగలు దాన్ని చూపించి బ్యాంకులు దోచవచ్చునని వాళ్ల భయం. దీని సంగతి మళ్లీ వస్తాను.

ఈ అభిమానుల ఓపిక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సినిమాలోని ఒక్కొక్క దృశ్యాన్ని ఆపి, ఫలానా మర తల అడ్డంగా ఉన్నదా నిలువుగా ఉన్నదా అని వారాల తరబడి వాదించుకుంటారు. కొలతలు తీసి, లేతు మీద అల్యూమినియం మూతి తరిణె పట్టిస్తారు. దుర్భిణిని పట్టి ఉంచే ఇనప కొక్కేలు చేయిస్తారు. నకలు మౌజరు పైనున్న కొత్త రంగును గరుకు కాగితంతో రుద్ది తీసేసి, నల్లరంగు వేస్తారు. ఆ తరువాత పని చూడండి, అది నిజమైన సైన్సు. ఒక కుంచెను వెండి రంగులో ముంచి, గుడ్డకు తుడిచి తుడిచి, దాదాపు ఎండిపోయాక, తుపాకి అంచుల మీద మెల్లిగా ఆడిస్తారు. రంగు అంచులకే అంటుకుంటుంది, గుంటల్లోకి పోదు. నిజం వస్తువు అరగటం కూడా అలాగే గదా! మీ ఇంట్లో పాత తలుపు గడియ చూడండి. వేళ్లు తగిలేచోట మెరుస్తూ ఉంటుంది, మూలల్లో నల్లగా ఉంటుంది. ఎక్కడ చెయ్యి పడుతుందో, ఎక్కడ ఒర తగులుతుందో ఆలోచించి, అక్కడ మటుకే అరిగినట్టు చెయ్యాలి. అంతటా గీతలు గీస్తే పిల్లి రక్కినట్టుంటుంది.

ఇక్కడ ఒక చిక్కున్నది, పిల్లలూ. ఇది పెద్దవాళ్లు కూడా చదవాలి. నకలు ఎంత బాగా కుదిరితే అంత బాగా నమ్మిస్తుంది. థియేటరులో కూర్చున్నవాణ్ణి నమ్మించే బరువూ, అరుగుదలా, నల్లరంగూ వీధిలో పోయేవాణ్ణి కూడా నమ్మిస్తాయి. పోలీసును కూడా నమ్మిస్తాయి. ఇది ఆట అని అతనికి చెప్పేవాళ్లుండరు. అతను ఆలోచించుకోవటానికి ఒక్క క్షణమే ఉంటుంది. అమెరికాలో బొమ్మ తుపాకి పట్టుకున్న పిల్లలు పోలీసుల చేతిలో కాల్పులకు గురైన సందర్భాలు ఉన్నాయి. 1988లో అక్కడ చట్టం చేసి, బొమ్మ తుపాకుల మూతి మెరిసే నారింజ రంగులో ఉండి తీరాలన్నారు. బ్రిటన్ 2006లో ఇంకొక అడుగు వేసి, అచ్చు నిజమైనదానిలా కనపడే నకళ్ల అమ్మకాన్నే చాలావరకు నిషేధించింది. సినిమాలకూ నాటకాలకూ మటుకు మినహాయింపు ఉన్నది. మన దేశంలో విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో బొమ్మ తుపాకి ఉన్నా లోపలికి పోనివ్వరు. చంటివాడి బొమ్మ అని బతిమాలినా వినరు. అది సరైన పనే.

అంతెందుకు, తుపాకుల గురించి అన్నీ తెలిసినవాళ్ల మధ్యనే ఘోరాలు జరిగాయి. 1993లో అమెరికాలో ‘ది క్రో’ అనే సినిమా తీస్తూ ఉండగా బ్రాండన్ లీ అనే యువ నటుడు చనిపోయాడు. అంతకుముందు ఒక దృశ్యంలో వాడిన నమూనా తూటా తాలూకు గుండు గొట్టంలో ఇరుక్కుని ఉండిపోయింది. ఎవరూ తొంగి చూడలేదు. తరువాత దృశ్యానికి దానిలోనే ఉత్తుత్తి తూటా పెట్టి పేల్చారు. ఉత్తుత్తి తూటాలో మందు నిజమైనదే గదా, అది ఆ గుండును బయటికి తన్నింది. 2021లో ‘రస్ట్’ అనే సినిమా షూటింగులో హలీనా హచిన్స్ అనే ఛాయాగ్రాహకురాలు ఇటువంటి మరొక ప్రమాదంలో ప్రాణం పోగొట్టుకున్నది. అక్కడ ఉండకూడని నిజం తూటా తుపాకిలో ఉన్నది. ఇటువంటివి జరిగినందువల్ల చాలామంది దర్శకులు ఇప్పుడు పేలే తుపాకులను దగ్గరికే రానివ్వటం లేదు. రబ్బరుతో చేసిన నకళ్లు ఇచ్చి, మంటను తరువాత కంప్యూటరులో కలుపుతున్నారు. నటుడి మణికట్టు వంగకపోతే వంగకపోయింది, ప్రాణం ముఖ్యం.

కనుక మీరు బ్లాస్టరు చెయ్యదలచుకుంటే నకలు తుపాకి జోలికి పోకండి. క్రిస్టియన్ పద్ధతి తీసుకోండి, అతని సరుకు వదిలెయ్యండి. పద్ధతి ఏమిటి? వేరే పని కోసం పుట్టిన పాత వస్తువును కొత్త పనికి పెట్టటం. దానికి తుపాకే కావాలని ఎక్కడా లేదు. వెలుగు కత్తికి కెమెరా పిడి సరిపోలేదూ?

పాడైపోయిన టార్చిలైటు ఒకటి సంపాదించండి. బ్యాటరీలు తీసెయ్యండి. అదే మీ బ్లాస్టరు గొట్టం. నాలుగైదు దళసరి అట్టముక్కలు ఒకే ఆకారంలో కత్తిరించి, ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. తెల్లారేసరికి చెక్కలా గట్టిపడుతుంది. అది పిడి. దీన్ని కత్తిరించేముందు మీ పిడికిలిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకోండి. లేకపోతే పిడి మీ చేతికి గాక మీ నాన్నగారి చేతికి సరిపోతుంది. ఇక గ్రీబ్లీలు. విరిగిన దువ్వెన, టూత్‌పేస్టు మూత, పెన్నులోని స్ప్రింగు, పాత రిమోటు మీటలు, సీసా మూతలు, మందు బిళ్లలు అయిపోయిన అట్ట, ఏదైనా సరే. అతికించేముందు ఒక్కొక్కదానికీ ఒక పని చెప్పుకోండి. ఇది వేడి పోయే జల్లెడ, ఇది ఎంత శక్తి మిగిలిందో చూపే మీటరు అని మనసులో అనుకున్నాక ఎక్కడ అతకాలో దానంతట అదే తెలుస్తుంది. పని చెప్పలేని ముక్కను పక్కన పెట్టెయ్యండి.

చేశాక చూస్తే చెత్తకుండీ లాగా కనపడుతుంది. భయపడకండి. మొత్తానికి ఒకే రంగు వెయ్యండి. దువ్వెన దువ్వెనలాగా, మూత మూతలాగా కనపడటానికి సగం కారణం వాటి రంగే. అన్నీ ఒకే బూడిద రంగులోకి రాగానే, ఒకే కార్ఖానాలో తయారైనట్టు కుదురుకుంటాయి. నలుపు మటుకు వద్దు. బూడిద, ఆకుపచ్చ, ఎరుపు, మీ ఇష్టం. ఎండాక అంచులకు ఎండు కుంచెతో వెండి రంగు ఆడించండి. మూతికి నారింజ రంగు తప్పక వెయ్యండి. రంగు అందంగా లేదని చెరిపెయ్యకూడదు. పూర్తయాక కూడా మనుషుల ముఖం మీదికి గురిపెట్టకండి. బస్సులోకీ, స్టేషనులోకీ, బడికీ పట్టుకుపోకండి. ఇంట్లో ఆడుకోండి, లేకపోతే నాటకంలో వాడుకోండి.

పెద్దవాళ్లకు ఒక మాట. గ్రీబ్లీల కోసం పిల్లలు పాత సామాన్లు విప్పుతామంటారు. రిమోటు, గడియారం, టేపురికార్డరు వంటివి బ్యాటరీ తీసి విప్పనివ్వవచ్చు. పాత పెట్టె టీవీలనూ, మైక్రోవేవ్ పొయ్యిలనూ, కెమెరా ఫ్లాషులనూ మటుకు ముట్టనివ్వకండి. వాటిలోని కెపాసిటర్లలో కరెంటు తీసేసిన తరువాత కూడా విద్యుత్తు నిలవ ఉండి, కొట్టే ప్రమాదం ఉన్నది.

మరి వెలుగు ముద్దలో? అవి నిజంగా సాధ్యమేనా? 1960లో థియొడోర్ మైమన్ అనే అమెరికన్ కెంపు కడ్డీతో మొదటి లేజరు వెలిగించాడు. అప్పటినుంచీ ఇటువంటి కథలవాళ్లకు పండగే. కాని లేజరు కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆరు మీటర్ల గదిని అది దాటటానికి సెకనులో ఐదు కోట్లవ వంతు చాలు. మీరు తప్పుకునే మాట అటుంచి, అది బయలుదేరినట్టు కూడా కనపడదు. పైగా కాంతి పక్కనుంచి పోతూ ఉంటే మనకు కనిపించదు. కిటికీ సందులోంచి పడే ఎండ గీత మనకు కనపడుతున్నదంటే, అది గాలిలోని దుమ్ము మీద పడి మన కంటికి తిరిగి రావటం చేతనే. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. వెలుగు ముద్దలను చిత్రకారులు ఒక్కొక్క బొమ్మ మీదా గీశారు. నిజం కాంతితో పోలిస్తే అవి నత్తనడక నడుస్తాయి. అయినా మంచిదే, లేకపోతే హాన్ సోలో ఒక్కసారయినా తప్పుకోగలిగేవాడు కాడు.

చప్పుడు సంగతి ఇంకా బాగుంటుంది. బ్లాస్టరు పేలినప్పుడు వచ్చే ‘పియూఁ’ అనే చప్పుడును బెన్ బర్ట్ అనే ధ్వని నిపుణుడు సమకూర్చాడు. ఎత్తయిన రేడియో స్తంభాలు పడిపోకుండా నాలుగు వైపులా ఇనప తీగలు లాగి కడతారు, చూశారా? అతను అటువంటి తీగను సుత్తితో కొట్టి, ఆ చప్పుడు పట్టుకున్నాడు. గట్టి తీగలో కీచు ధ్వనులు వేగంగానూ, బొంగురు ధ్వనులు నెమ్మదిగానూ ప్రయాణం చేస్తాయి. సుత్తి దెబ్బతో అన్నీ ఒక్కసారే బయలుదేరినా, చివరికి చేరేసరికి కీచువి ముందు, బొంగురువి వెనక అవుతాయి. అందుకని మన చెవికి కీచుమని మొదలై బొంగురులోకి జారినట్టు వినపడుతుంది.

దీన్ని మీరు ఇంట్లోనే విని చూడవచ్చు. మెట్లు దిగే స్ప్రింగు బొమ్మ ఉంటుందే, ఇనపది తీసుకోండి, ప్లాస్టిక్‌ది అంత బాగా పలకదు. ఒక కాగితపు కప్పు అడుగున చిన్న గాటు పెట్టి, స్ప్రింగు మొదటి చుట్టును దానిలో దూర్చి, టేపు అంటించండి. కుర్చీ ఎక్కి కప్పును చెవి దగ్గర పట్టుకుని, స్ప్రింగును కిందికి వేలాడనివ్వండి. కింది చివర నేలకు తగలకూడదు. కింద కూర్చున్న తమ్ముణ్ణో చెల్లెల్నో పెన్సిలుతో ఆ కింది చివర టక్కుమని కొట్టమనండి. వచ్చే చప్పుడు ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. తరువాత స్ప్రింగును సగానికి మడిచి పట్టుకుని మళ్లీ కొట్టించండి. చప్పుడు జారటం తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో ఆలోచించి, పై నెల లోపల మాకు ఉత్తరం రాయండి.